అయిదు తెల్ల సీసాలు, ఒకే పసుపు మంట: తిరుపతి ల్యాబ్‌లో ఒక ఫ్లేమ్ టెస్ట్ కేసు

తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్. ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ దగ్గర పడుతుంటే అల్మారా సర్దారు. ఒక అరలో అయిదు సీసాల మీద లేబుళ్ళు ఉన్నా లేనట్టే. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా సీసాలు కూడా అదే అరలో ఉండటంతో రెండింటి ఆవిర్లు కలిసి అమ్మోనియం క్లోరైడ్ బూడిదలా సీసాల మీద పేరుకుంది. దాని కింద ఇంకు వెలిసిపోయింది, కాగితం వేలు తగిలితే పొడిగా రాలుతోంది. అయిదింటిలోనూ ఉన్నది తెల్ల పొడే.

స్టాక్ రిజిస్టర్ ప్రకారం ఆ అరలో ఉండాల్సినవి బేరియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, స్ట్రాన్షియం నైట్రేట్, కాల్షియం కార్బొనేట్, లెడ్ నైట్రేట్. వీటికి తోడు 'ముగ్గురాయి పొడి' అని రాసిన ఒక ఖనిజ నమూనా. పేర్లు ఆరు, సీసాలు అయిదు. ఏదో ఒకటి అయిపోయింది, రిజిస్టర్‌లో కొట్టేయలేదు.

సీసాలకు 1 నుంచి 5 వరకు నంబర్లు వేసి ఒక మధ్యాహ్నం ఫ్లేమ్ టెస్ట్ చేశారు, అంటే తీగ కొసకు లవణం అంటించి మంటలో పెట్టి, వచ్చే రంగును బట్టి అందులోని లోహాన్ని గుర్తుపట్టడం. నోట్‌బుక్‌లో పడ్డ ఫలితాలివి. 1: బంగారు పసుపు. 2: బంగారు పసుపు. 3: పసుపు, కొంచెం ఎరుపు. 4: పసుపు. 5: పసుపు. బంగారు పసుపు సోడియం రంగు, కానీ రిజిస్టర్‌లో సోడియం లవణమే లేదు. 'అన్నీ సోడియమే వస్తా ఉండాయి సార్' అని ల్యాబ్ అసిస్టెంట్ అన్న మాటతోనే ఈ కేసు మొదలైంది.

పసుపు ఎక్కడిది

సోడియం కనిపించిందంటే లవణంలో సోడియం ఉందని అర్థం కాదు. మంట దగ్గరలో ఎక్కడో సోడియం ఉందని మాత్రమే అర్థం. అది లేని చోటు దాదాపు ఉండదు. స్టవ్ మీద ఉప్పేసిన చారు పొంగి బర్నర్ మీద పడినప్పుడు నీలం మంట ఒక్కసారి పసుపుగా మారడం ఇంట్లో అందరూ చూసేదే. (కర్పూర హారతి పసుపు వేరు. అది కాలీకాలని బొగ్గు రేణువుల వెలుగు, అందులో సోడియం పాత్ర లేదు.) 1860లో జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ కలిసి సుమారు 60 ఘనమీటర్ల గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ను పేల్చి, దూరంగా ఉన్న మంటను స్పెక్ట్రోస్కోప్‌లో (వెలుగును రంగు రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం) చూశారు. కొన్ని నిమిషాలకే సోడియం గీత మెరిసింది. మిల్లీగ్రాములో 30 లక్షల వంతు కంటే తక్కువ సోడియం కూడా కనబడుతుందని వాళ్ళు లెక్క కట్టారు. ఇక చెమట చేత్తో ముట్టుకున్న తీగ సంగతి చెప్పేదేముంది!

కాబట్టి లవణాల జోలికి పోకుండా ముందు ఖాళీ పరీక్షలు చేయాలి. ఈ కేసులో చేసిన వరుస ఇది. మొదట ఒట్టి బర్నర్. గాలి రంధ్రం పూర్తిగా తెరిచి ఒక నిమిషం చూస్తే నీలం మంటలో ఒక పక్కన సన్నటి పసుపు చార ఆగకుండా కనిపించింది. అంటే తీగ పెట్టకముందే మంటలో సోడియం ఉంది. బర్నర్ గొట్టం విప్పి చూస్తే లోపల పాత లవణాల బిరుసు పొక్కులు. పిల్లలు తీగను సరిగ్గా గొట్టం నోటి మీద పెడతారు, చుక్క జారి లోపల పడుతుంది, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. గొట్టాన్ని బోరు నీళ్ళతో కడిగితే లాభం లేదు, ఆ నీళ్ళే సోడియం, కాల్షియం తెచ్చిపెడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టారు. అది దొరకని చోట ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డీమినరలైజ్డ్ నీళ్ళు పనికొస్తాయి.

రెండోది ఒట్టి తీగ. మూడోది కొత్త ఆమ్లంలో ముంచిన తీగ. నాలుగోది బల్ల మీద అందరూ వాడుతున్న ఆమ్లంలో ముంచిన తీగ. మూడో దానిలో అయిదారు ముంపుల తర్వాత పసుపు పోయింది. నాలుగో దానిలో ఎన్నిసార్లు కాల్చినా పోలేదు. అసలు దొంగ దొరికింది ఇక్కడే. ఒకే టెస్ట్ ట్యూబ్‌లో ఆమ్లం పోసుకుని, తీగను కడగడానికీ అందులోనే, లవణం అంటించుకోవడానికి తడపడానికీ అందులోనే ముంచుతున్నారు. నాలుగైదు ముంపులకే ఆ ఆమ్లం ముందు పరీక్షించిన లవణాలన్నిటి పులుసు అయిపోతుంది. కడిగేకొద్దీ తీగకు మురికి పడుతుంది.

మార్చింది చిన్నదే. రెండు చిన్న ట్యూబులు, ఒక్కొక్క దాంట్లో 2 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం. మొదటిది తీగ కడగడానికి, రెండోది తుది ముంపుకు. లవణం మారినప్పుడల్లా మొదటిది పారబోయాలి, రెండో దాన్ని మొదటి స్థానానికి తేవాలి, రెండో స్థానంలో కొత్తది పోయాలి. ఆమ్లం ల్యాబ్ గ్రేడ్‌దే కావాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చౌక కదా అని తెస్తే దాని పసుపు రంగే చెబుతుంది, అందులో ఇనుము ఉందని. సోడియం కూడా వెంట వస్తుంది.

ఇంకో రెండు సంగతులు. ఫ్యాన్ ఆపాలి. మంట ఊగుతుందని మాత్రమే కాదు, ఫ్యాన్ లేపే దుమ్ములో సోడియం ఉంటుంది. మార్చిలోనే ఉడికించే తిరుపతి ఎండలో ఫ్యాన్ ఆపమంటే ఎవరికీ నచ్చదు, పైగా చెమట పట్టి అదీ సోడియమే. అందుకే ఈ పరీక్ష పొద్దున పూట పెట్టుకోవడం మేలు. పొద్దున పెట్టడానికి మరో కారణం వెలుతురు. పడమటి కిటికీలోంచి ఎండ పడే గదిలో బర్నర్ నీలం మంటే కనిపించదు, పొటాషియం లేత ఊదా ఎక్కడ కనిపిస్తుంది? కిటికీ మూసి, మంట వెనక నల్ల చార్ట్ నిలబెట్టారు. అంతకు ముందు 'రంగు లేదు' అని రాసినవాటిలో సగం ఈ చార్ట్ లేక రాసినవే.

తీగ, మంట, పొడి

ల్యాబ్‌లో ప్లాటినం తీగ ఒక్కటే ఉంది. గాజు కడ్డీ చివర అతికించిన 5 సెంటీమీటర్ల ముక్క, తాళం వేసి ఉంచుతారు. మిగతావి నైక్రోమ్, అంటే నికెల్, క్రోమియం కలిపిన తీగలు. హీటర్ కాయిల్ ముక్కలు కూడా నడుస్తాయి, కాకపోతే ఆమ్లానికి తొందరగా గరుకెక్కి, ఆ పొరల్లో పాత లవణం దాక్కుంటుంది. నైక్రోమ్ కొస నల్లబడి చిట్లితే ఒక సెంటీమీటర్ కత్తిరించి కొత్త వంపు తిప్పుకోవడమే మందు. వంపు లోపలి వెడల్పు 2, 3 మిల్లీమీటర్లు చాలు. పెద్ద వంపుకు ఎక్కువ పొడి పడుతుంది. ఎక్కువ పొడి పెడితే ఎక్కువ రంగు వస్తుందనుకోవడం పొరపాటు, ఆ ముద్ద వేడెక్కడానికే సమయం సరిపోతుంది.

ప్లాటినాన్ని ఏది ముట్టకూడదో తెలియాలి. సీసం, తగరం, బిస్మత్, ఆంటిమొనీ, ఆర్సెనిక్ లవణాలు మంటలో లోహంగా మారితే ప్లాటినంతో కలిసి తీగ పుటుక్కున తెగుతుంది. నైట్రేట్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపితే చిన్న మోతాదులో ఆక్వా రీజియా (బంగారాన్ని కూడా కరిగించే ఆమ్ల మిశ్రమం) తయారైనట్టే, అదీ ప్లాటినాన్ని తింటుంది. పొగలు కక్కే పసుపు మంటలో కాల్చినా పెళుసెక్కుతుంది. ఈ లెక్కన నైట్రేట్ అనుకున్న సీసాకూ, ఖనిజానికీ నైక్రోమే. మిగతావాటికే ప్లాటినం.

రిజిస్టర్‌లో లెడ్ నైట్రేట్ ఉంది కాబట్టి తీగ ముట్టకముందే దాన్ని తప్పించారు. ప్రతి పొడీ చిటికెడు (0.1 గ్రాము) తీసి 2 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్ళలో కలిపారు. 1, 2, 3 కరిగాయి. 4, 5 కరగలేదు. కరిగిన మూడింటిలో పొటాషియం అయొడైడ్ ద్రావణం రెండేసి చుక్కలు వేశారు. సీసం ఉంటే గుడ్డు సొనలాంటి పసుపు అవక్షేపం (కరగకుండా కిందికి దిగే పొడి) రావాలి. దేనిలోనూ రాలేదు. లెడ్ నైట్రేట్ నీళ్ళలో కరుగుతుంది కనుక అది 4, 5 కాలేదు. అయిపోయిన ఆరో సీసా లెడ్ నైట్రేటే. నిజానికి ఫ్లేమ్ టెస్ట్ కంటే ముందు ఈ అయిదు నిమిషాల పని చేసి ఉంటే సగం చిక్కు అప్పుడే విడిపోయేది. మంట రంగులు చూడటానికి సరదాగా ఉంటాయి కాబట్టి అందరూ ముందు అటే పరిగెత్తుతారు.

ఒక్కో పొడినీ వాచ్ గ్లాస్‌లో మెత్తగా నూరి, రెండు చుక్కల గాఢ ఆమ్లంతో పేస్ట్ చేశారు. నూరకపోతే బేరియం క్లోరైడ్ లాంటి స్ఫటికాలు వేడికి చిటపటలాడి తీగ మీది నుంచి ఎగిరిపోతాయి, మళ్ళీ బర్నర్ గొట్టంలోకే. ఆమ్లం కలపడం ఎందుకంటే క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి. కార్బొనేట్, ఆక్సైడ్ అయితే తీగ మీదే కూర్చుంటాయి, మంటలోకి పరమాణువులు పోవు, రంగు రాదు.

మంటలో ఎక్కడ పెట్టాలన్నది పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, చేతికి రావడమే కష్టం. లోపలి నీలం శంకువు కొస దాటాక, మంట అంచున, గొట్టం నోటికి పక్కగా పట్టుకోవాలి. అక్కడ సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి. స్పిరిట్ దీపం అంత వేడినివ్వదు, దాని వత్తిలోనే సోడియం ఉంటుంది. కాల్షియం, స్ట్రాన్షియంలకు అది పనికిరాదు. ఎల్‌పీజీకి వేరే జెట్ వేసిన బర్నర్ కాకపోతే మంట ఎప్పుడూ పసుపుగానే ఉంటుంది, అదీ చూసుకోవాలి. మిథనాల్ పళ్ళెంలో లవణం వేసి వెలిగించే 'ఇంద్రధనుస్సు' ప్రదర్శన అసలే వద్దు. ఆరుతున్న మంటలో మిథనాల్ పోయబోయి సీసాలోకే మంట పాకి పిల్లలు కాలిపోయిన ప్రమాదాలు చాలా దేశాల్లో జరిగాయి.

రంగు కాదు, వరుస

ఈ కేసులో నోట్‌బుక్ రాసే పద్ధతే మార్చారు. ముందు 'ఏ రంగు' అని ఒక గడి ఉండేది. ఇప్పుడు 'ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు నిలిచింది, మళ్ళీ తడిపితే తిరిగి వచ్చిందా' అని మూడు గడులు చేర్చారు. ఒకరు తీగ పట్టుకుంటే ఇంకొకరు ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకున్నారు.

ఒక్క క్షణానికి ఒక్క రంగు చూసి పేరు రాసేవాళ్ళు ఎప్పుడూ సోడియం దగ్గరే ఆగిపోతారు. సోడియం మలినం ముందు వస్తుంది, ముందు పోతుంది కూడా. పొటాషియం దాంతో పాటే మొదటి క్షణాల్లో మెరిసి మాయమవుతుంది. కాల్షియం ఎరుపు ఒక్కో తడుపుకు ఒక్కో మెరుపు. స్ట్రాన్షియం అంతకంటే ఆలస్యంగా, అంతకంటే నిలకడగా వస్తుంది. బేరియం అందరికంటే చివర. తీగ తెల్లగా కాలేదాకా ఆకుపచ్చ తొంగి చూడదు, వచ్చాక మాత్రం తొందరగా పోదు.

ఇంకో మాట: చూడాల్సింది తీగను కాదు, తీగ పైన మంటను. నైక్రోమ్ ఎర్రగా కాలడాన్ని 'బ్రిక్ రెడ్, కాల్షియం' అని రాసిన నోట్‌బుక్‌లు ప్రతి ఏడాదీ కనబడతాయి.

1, 2 సీసాలు

1వ సీసా మొదటి మూడు సెకన్లు పసుపు. అంతకు ముందు అక్కడే తీసేశారు. ఈసారి ఆపకుండా ఉంచితే సుమారు పదిహేను సెకన్లకు మంట అంచు లేత ఆకుపచ్చకు తిరిగింది, పచ్చి జామకాయ రంగు. పుస్తకాల్లో 'ఆపిల్ గ్రీన్' అంటారు. తిరుపతిలో దొరికే ఆపిల్స్ ఎక్కువగా ఎర్రవే కాబట్టి పిల్లలకు జామకాయ అంటే తొందరగా అర్థమవుతుంది. రెండోసారి ఆమ్లంలో ముంచి పెట్టినా అదే రంగు, ఇంకా తొందరగా వచ్చింది. రాగి కూడా ఆకుపచ్చే ఇస్తుంది కానీ అందులో నీలం కలిసి ఉంటుంది, వెంటనే వస్తుంది, పైగా రాగి లవణమైతే పొడి తెల్లగా ఉండటం అరుదు. ద్రావణానికి ఎసిటిక్ ఆమ్లం, పొటాషియం క్రోమేట్ చేర్చితే పసుపు అవక్షేపం వచ్చింది. బేరియం. కరిగే బేరియం లవణాలు విషం, ఆ మాట పిల్లలకు మొదటే చెప్పాలి. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకుండా సోడియం సల్ఫేట్ కలిపి, దిగిన తెల్లటి బేరియం సల్ఫేట్‌ను వడకట్టి పక్కన పెట్టారు.

2వ సీసా గట్టి పిండం. శుభ్రమైన ప్లాటినం, కొత్త ఆమ్లం, నల్ల చార్ట్ అన్నీ ఉన్నా పసుపే గెలుస్తోంది. పొటాషియం క్లోరైడ్ ల్యాబ్ గ్రేడ్‌లో కొంచెం సోడియం ఎలాగూ ఉంటుంది. కొంచెం సోడియం ఎక్కువ పొటాషియాన్ని ఎందుకు మింగేస్తుందంటే తప్పు మంటది కాదు, కంటిది. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర, కన్ను బాగా చూసే చోట ఉన్నాయి. పొటాషియం బలమైన గీతలు 766.5, 769.9 దగ్గర, కన్ను దాదాపు గుడ్డిదయ్యే ఎరుపు అంచున. రెండో జత 404 దగ్గర, అటు ఊదా అంచున. ఆ రెండు అంచులూ కలిస్తేనే లేత ఊదా. మధ్యలో సోడియం నిలబడితే అంచులు ఎవరికి కనబడతాయి?

కోబాల్ట్ నీలం గాజు చేసేది ఆ మధ్యలో నిలబడ్డవాణ్ణి పక్కకు తోయడమే. అది పసుపును పీల్చుకుంటుంది, రెండు అంచులనూ వదులుతుంది. ల్యాబ్‌లో ఉన్న పలక పలచనిది, దాంట్లోంచి కూడా సోడియం బూడిదరంగులో కనబడింది. రెండు పలకలు జోడించాక 2వ సీసా మంట మొదటి రెండు సెకన్లు ముదురు గులాబీ ఎరుపుగా మెరిసి పోయింది. ఆ రెండు సెకన్ల కోసం పలకను తీగ మంటలోకి పోకముందే కంటికి పెట్టుకోవాలి. తీగ పెట్టాక పలక వెతికేలోపు పొటాషియం వెళ్ళిపోతుంది. పోల్చడానికి ఉప్పును అదే పలకల్లోంచి చూస్తే ఏమీ కనబడలేదు. సోడియం కోబాల్టినైట్రైట్ చుక్కలకు పసుపు అవక్షేపం దిగింది. ఈ పరీక్ష అమ్మోనియం లవణాలకూ వస్తుంది, ఈ అరలో పేరుకున్నది అమ్మోనియం క్లోరైడ్ కదా, అందుకని ముందు పొడిని పింగాణీ గిన్నెలో తెల్ల పొగ ఆగేదాకా వేడి చేసి ఆ తర్వాతే చేశారు.

ఫోన్‌తో తీసిన ఫొటో చూపించి 'ఇది ఏ లోహం' అని అడిగితే పొటాషియం విషయంలో జవాబు చెప్పడం కుదరదు. ఫోన్ కెమెరాలో పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, 766 గీత దాని దగ్గరే ఆగిపోతుంది.

3, 4: రెండు ఎరుపులు

రెండూ ఎరుపే. 4వ దాని మీద సజల ఆమ్లం పడగానే బుసబుస పొంగింది, కార్బొనేట్. 3 నీళ్ళలో కరిగింది. కాబట్టి ఏది ఏదో ఊహించవచ్చు. కానీ పరీక్షలో పిల్లలకు ఇచ్చే లవణం ఎప్పుడూ ఇంత సాయం చేయదు, అందుకే ఈ రెండింటినీ మంటతోనే విడదీసి చూశారు.

4: తడిపి పెట్టగానే ఇటుక ఎరుపు, నారింజ కలిసి ఒక్క మెరుపు. అయిదు సెకన్లలో పోయింది. కాల్షియం క్లోరైడ్ మంటలోని నీటి ఆవిరితో చర్య జరిపి ఆక్సైడ్‌గా మారిపోతుంది, ఆక్సైడ్ ఆవిరి కాదు. మళ్ళీ ఆమ్లంలో ముంచితే మళ్ళీ మెరుపు. ఇలా మూడుసార్లు. 3: నైక్రోమ్ తీగ మీద ముందు పసుపు, తర్వాత నెత్తురు ఎరుపు, ఇరవై సెకన్లకు పైగా నిలిచింది. నీలం పలకల్లోంచి 4 లేత ఆకుపచ్చగా, 3 ఊదాగా కనిపించాయి. దీపావళికి ఎర్ర మతాబులో కనబడేది ఈ 3వ దాని ఎరుపే.

అయినా ఇద్దరు చూస్తే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పే చోటు ఇది. దానికి పాత సీడీ పరిష్కారం. సీడీ మీద గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 625 గీతలున్న గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే గీతల పలక) ఊరికే దొరికినట్టు. చెప్పుల డబ్బాకు ఒక చివర రెండు బ్లేడ్ ముక్కల మధ్య పోస్ట్‌కార్డు మందం సందు, రెండో చివర ఏటవాలుగా సీడీ ముక్క, పైన చూడటానికి కంత. లోపలంతా నల్ల కాగితం. సందు నిలువుగా, సీడీ గాడులకు సమాంతరంగా ఉండాలి, లేకపోతే గీతలు అలుక్కుపోతాయి. దిక్కు చూపడానికి సోడియమే మేకు: ఎంత కడిగినా పోని ఆ పసుపు గీత 589 దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఇన్నాళ్ళు విసిగించింది ఇక్కడ పనికొచ్చింది. 4లో ఆ మేకుకు ఎరుపు వైపు 622 దగ్గర ఒక పట్టీ, ఆకుపచ్చ వైపు 554 దగ్గర ఒక పట్టీ. 3లో ఆకుపచ్చ పట్టీ లేదు. నారింజ, ఎరుపు పట్టీలు చాలా, దూరంగా నీలంలో 460.7 దగ్గర ఒంటరి గీత. ఆ నీలం గీత కనబడితే స్ట్రాన్షియం గురించి వాదించాల్సిన పని లేదు. లిథియం అయితే 670.8 దగ్గర ఒకే ఎర్ర గీత.

ఇలా గీతలు చూసే బున్సెన్, కిర్కాఫ్ 1860లో సీసియం, 1861లో రుబీడియం కనుక్కున్నారు. మనకు దగ్గరి ముచ్చట కూడా ఒకటుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో కనబడిన, సోడియం జంటకు పక్కనే 587.6 దగ్గర ఉన్న పసుపు గీత చివరికి హీలియంది అని తేలింది. పసుపంతా సోడియం కాదని తేల్చినదీ గీతల వరుసే.

తడి పరీక్షకు ఎసిటిక్ ఆమ్లంలో ద్రావణం తీసుకున్నారు. 3లో క్రోమేట్‌కు ఏమీ రాలేదు, అమ్మోనియం సల్ఫేట్‌కు తెల్ల అవక్షేపం వచ్చింది. 4లో ఆ రెంటికీ రాలేదు, అమ్మోనియం ఆక్సలేట్‌కు వచ్చింది. ఎసిటిక్ ఆమ్లం చాలినంత లేకపోతే క్రోమేట్ స్ట్రాన్షియాన్ని కూడా పసుపుగా దించేసి బేరియం అనిపిస్తుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

5: పేరు మోసం చేసిన రాయి

5వ పొడి నీళ్ళలో కరగలేదు. ఆమ్లంలో పొంగలేదు, కరగలేదు. మంటలో మొదటి పసుపు పోయాక ఏ రంగూ లేదు. రిజిస్టర్‌లో మిగిలిన పేరు 'ముగ్గురాయి'. ఇంటి ముందు వేసే ముగ్గుపిండి చాలాచోట్ల సున్నపురాయి జాతి పొడే కాబట్టి కాల్షియం రావాలని అనుకున్నారు. రాకపోయేసరికి 'పరీక్ష ఫెయిల్' అని రాశారు.

పేరు దగ్గరే పొరపాటు జరిగింది. రైల్వే కోడూరు దాటాక మంగంపేటలో తవ్వేదాన్ని కూడా మనవాళ్ళు ముగ్గురాయి అనే అంటారు. అది బెరైటీస్, బేరియం సల్ఫేట్. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో అదొకటి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలుపుతారు. బరువే మొదటి ఆధారం. చేత్తో పట్టుకుంటేనే తెలిసింది: అంతే సైజు 4వ సీసా కంటే 5 బాగా తూగుతోంది. బెరైటీస్ సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు, కాల్‌సైట్‌ది (4వ సీసాలోని కాల్షియం కార్బొనేట్ ఖనిజ రూపం) 2.7.

మరి ఆకుపచ్చ ఎందుకు రాలేదు? బేరియం సల్ఫేట్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఏమీ చేయలేదు. పేస్ట్ చేసినా క్లోరైడ్ ఏర్పడదు, తీగ మీద అలాగే రాయిలా ఉంటుంది. (ఎక్స్‌రేకు ముందు రోగి చేత తాగించగలగడానికి కారణం కూడా ఈ కరగనితనమే.) ముందు సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా క్షయకరణం చేయాలి, అంటే అందులోని ఆక్సిజన్‌ను తీసేయాలి. నైక్రోమ్ తీగ మీద కొంచెం పొడి తీసుకుని, బర్నర్ గాలి రంధ్రం మూసి, పసుపు మంట లోపల రెండు మూడు నిమిషాలు పట్టుకున్నారు. మసి పట్టినా పరవాలేదు. తర్వాత గాలి తెరిచి, తీగను కొత్త ఆమ్లంలో ముంచారు. కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా వచ్చింది, హైడ్రోజన్ సల్ఫైడ్. అంటే సల్ఫైడ్ ఏర్పడింది. మళ్ళీ నీలం మంట అంచుకు తెస్తే, 1వ సీసాలో చూసిన జామకాయ ఆకుపచ్చే వచ్చింది. మొదటి ప్రయత్నంలో రంగు లేశమాత్రమే. క్షయకరణం అర నిమిషంతో ఆపడమే కారణం. మూడు నిమిషాలు ఉంచిన రెండో ప్రయత్నంలో స్పష్టంగా వచ్చింది.

గట్టి నిర్ధారణకు 0.5 గ్రాము పొడి, 2 గ్రాముల సోడియం కార్బొనేట్, 15 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి ఇరవై నిమిషాలు మరిగించారు, తగ్గిన నీళ్ళు పోస్తూ. వేడిగా వడకట్టి, వడపోత కాగితం మీది ముద్దను వేడి డిస్టిల్డ్ నీళ్ళతో కడిగారు. కడగడమే ఇందులో ప్రాణం. సల్ఫేట్ మిగిలి ఉంటే, ఆమ్లం పోయగానే కరిగిన బేరియం దాంతో కలిసి మళ్ళీ బేరియం సల్ఫేట్‌గా దిగిపోతుంది, పడ్డ శ్రమంతా తిరిగి రాయి అవుతుంది. కడిగిన నీళ్ళకు ఆమ్లం, బేరియం క్లోరైడ్ చుక్క వేస్తే తెలుపు రాకుండా పోయేదాకా కడగాలి. ఈ కేసులో ఏడోసారికి ఆగింది. మిగిలిన ముద్ద మీద 2 మిల్లీలీటర్ల వేడి సజల ఎసిటిక్ ఆమ్లం పోస్తే కొంచెం బుసబుస, కిందికి దిగిన ద్రావణంలో క్రోమేట్‌కు పసుపు అవక్షేపం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఈ పసుపు రాదు, బేరియం క్రోమేట్ అందులో కరిగిపోతుంది.

లేబుళ్ళు

కొత్త లేబుళ్ళు పెన్సిల్‌తో రాశారు. ఇంకు వెలుస్తుంది, గ్రాఫైట్‌ను ఆమ్లపు ఆవిరి ఏమీ చేయదు. అంటించాక పైన కరిగించిన కొవ్వొత్తి మైనం పూశారు. ఆమ్లం సీసాను కింది అరకు, అమ్మోనియాను ఇంకో అల్మారాకు మార్చారు. రిజిస్టర్‌లో లెడ్ నైట్రేట్ ఎదురుగా 'లేదు' అని, ముగ్గురాయి ఎదురుగా 'బెరైటీస్, మంగంపేట రకం, ఆమ్లంలో కరగదు, ఫ్లేమ్ టెస్ట్‌కు ముందు మూడు నిమిషాలు పసుపు మంట, ప్లాటినం తీగ వాడరాదు' అని చేర్చారు.